బొరుగుల రాయికి నేను పెట్టిన కత్తి

కొత్తగా ల్యాబుల్లో చేరిన పిల్లలు ఎక్కడైనా ఎదురుపడితే నన్ను అడిగేది ఒకటే: అన్ని ఏళ్ళు ఒకే చోట ఎలా పనిచేశావన్నా అని. ఏముంది నాయనా, రోజూ పొద్దున పోయేవాణ్ణి, సాయంత్రం వచ్చేవాణ్ణి. మధ్యలో ఒకసారి మాత్రం ఒక ఆడపిల్ల మూడేళ్ళ చదువును నా చేత్తో నేనే గంగలో కలపబోయాను. అది చెబుతాను. మీ చేతుల్లో కూడా ఖరీదైన మిషన్లూ, ఇతరుల బతుకులూ ఉంటాయి గనుక వినడం మంచిది. నవ్వుకుంటూ వినండి, నేనేమీ అనుకోను.

ముందు నా చదువు సంగతి. ఏడో తరగతి సగంలో ఆపేశాను. లెక్కల అయ్యవారూ నేనూ ఒకరినొకరు భరించలేక, ఇద్దరిలో ఎవరో ఒకరు బడి మానేస్తే తప్ప ఊరు ప్రశాంతంగా ఉండదని తేలిపోయింది. ఆయనకు పెళ్ళాం పిల్లలున్నారు, జీతం కావాలి. కాబట్టి నేనే మానేశాను. నా జీవితంలో చేసిన మొదటి త్యాగం అది. ఆయన ఇప్పటికీ గుర్తించలేదు.

అక్కణ్ణుంచి గూడూరు పక్కన మైకా షెడ్డులో చేరాను. మైకా అంటే అభ్రకం, మా వైపు కాకిబంగారం అంటారు. పుస్తకంలో పేజీల్లాగా పొరలు పొరలుగా ఉంటుంది. నేల మీద వరసగా కూర్చుని చిన్న కత్తితో ఆ పొరలు విడదీయడమే పని. షెడ్డులో ఒక మర్యాద ఉండేది. రాయిని ఉన్నదున్నట్టుగా ఎవరి చేతిలోనూ పెట్టకూడదు. పైన మురికి పొర తీసేయాలి, కింద మట్టి పొర తీసేయాలి, నడుమ ఉన్న శుభ్రమైన రేకును మాత్రమే ఇవ్వాలి. గని నుంచి వచ్చిన రాయిని అలాగే అందించడమంటే మాసిన లుంగీతో పెళ్ళిపీటల దగ్గరికి పోవడమే. పదిహేడేళ్ళు ఆ పని చేశాను. ఆఖర్లో నాకు కన్నుతో పని లేకుండా పోయింది. కత్తి ఆనించగానే పొర ఎక్కడ విడిపోతుందో వేలికి తెలిసేది.

షెడ్లు ఒక్కొక్కటే మూతబడ్డాయి. నాకు ఒక ల్యాబులో అటెండరు పని దొరికింది. రాళ్ళ మీద పరిశోధన చేసే చోటు. సముద్రం ఎంత దగ్గరంటే, ఆ ఉప్పుగాలికి ఇనప బీరువాలు ఏడాదికోసారి పాములా కుబుసం విడిచేవి. ఒక్క ఎక్స్-రే మిషను గది మాత్రం పెళ్ళికూతురిలా ఏసీలో ఉండేది. ఆ గదికి కాపలా ఒక మేడమ్ గారు. వయసులో నాకంటే పదేళ్ళు చిన్నదైనా అందరికీ ఆమె మిషను అక్కే, నాకు కూడా. ఆ గదిలో నవ్వడానికి కూడా రిజిస్టరులో సంతకం పెట్టాలని నేను అనేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు, బహుశా సంతకం పెట్టడం బద్ధకమై.

అందరికీ పైన మా సారు. పెద్ద చదువు, మంచి మనిషి. ఒకటే అలవాటు, ప్రశ్న అడిగి జవాబు వినకుండా వెళ్ళిపోతారు. వరండాలో ఆయన వెనకాల జవాబులు మోసుకుంటూ పరుగెత్తే కుర్రవాళ్ళను చూస్తే నాకు రైలు కదిలిపోతుంటే టీ అమ్మేవాళ్ళు గుర్తొచ్చేవారు.

మిషను చేసే పని చెప్పేస్తాను, భయపడకండి. ఆవగింజలో పదోవంతు ఉండే రాతి రేకును గాజుపుల్ల కొనకు జిగురుతో అంటించి మిషనులో నిలబెడతారు. దాని మీద ఎక్స్-రే కిరణాలు పడి చెదురుతాయి. లోపల అణువులు వరసగా నిలబడి ఉంటే కంప్యూటరు తెర మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కలు చూసి లోపల ఎవరు ఎక్కడ నిలబడ్డారో తేల్చేస్తారు. ఇంతే. దీనికి పిల్లలకు రెండేళ్ళు క్లాసులు చెబుతారు. ఆ రేకును మైక్రోస్కోపు కింద గాజుపుల్లకు అంటించే పని నాది. చుట్టుపక్కల నాకంటే బాగా అంటించేవాడు లేడు. ఈ మాట నేను చెప్పుకుంటే బాగుండదు గానీ, చెప్పేవాళ్ళు ఇంకెవరూ ఇక్కడ లేరు.

నేను రిటైరు కావడానికి నాలుగేళ్ళ ముందు ఒక అమ్మాయి పరిశోధనకు చేరింది. పులికాట్ సరస్సు ఒడ్డున పల్లె. తండ్రి పడవ మీద వేటకు పోతాడు. మనిషి బక్కపలచన, మాట మాత్రం అలల మీదుగా అవతలి పడవకు వినిపించేటంత. ఆమె పట్టుకున్న రాయి పేరు వర్మిక్యులైట్. మైకాకు చిన్నాన్న బిడ్డ అనుకోండి. మా గనుల పక్కనే దొరుకుతుంది. వేడి పెనం మీద వేస్తే చిటపటమని ఉబ్బిపోతుంది. అందుకే నేను దానికి బొరుగుల రాయి అని పేరు పెట్టాను. ఆరు నెలల్లో సారు కూడా మీటింగులో పొరపాటున బొరుగుల రాయి అనేశారు. ఆ రోజు నేను ఇంటికి పోయి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆ రాయి తెర మీద విచిత్రంగా పడేది. కొన్ని వరసల్లో చుక్కలు ముత్యాల్లా ఉండేవి. కొన్ని వరసల్లో చుక్కే లేదు, ఈనెపుల్ల పెట్టినట్టు నిలువునా గీత. మిషను పాడైందేమో అన్నాను. మిషను అక్క నావైపు చూసిన చూపుకు నేను మళ్ళీ ఆ మాట అనలేదు. అప్పుడా అమ్మాయి క్యాంటీనుకు పోయి, వంటాయన మొత్తుకుంటున్నా వినకుండా, ఇడ్లీ స్టాండు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒక్కో ప్లేటుకు మూడు గుంటలున్న స్టాండు.

"పక్క నుంచి చూడన్నా. ప్లేటుకీ ప్లేటుకీ ఎడం ఒకటే గదా. రాయిలో పొరలూ అంతే, అందుకే ఆ వరసలో చుక్కలు చక్కంగా పడతుండాయి. ఇప్పుడు పైనించి చూడు. గుంట మీద గుంట ఉండాదా? ఒకటి ఇట్టా, ఒకటి అట్టా, ఎట్టబడితే అట్టా పెట్టుండారు. కుదురు లేకపోతే చుక్క పడదు, గీత పడతాది."

ఏడో తరగతిలో లెక్కల అయ్యవారు ఇడ్లీ స్టాండు తెచ్చి ఉంటే నా చరిత్రే వేరుగా ఉండేది.

మూడేళ్ళు ఆమె ఆ గీతలే కొలిచింది. ఈ రాయిలో పొరలు ఒకదాని మీద ఒకటి ఏ పద్ధతీ లేకుండా పేర్చుకున్నాయి, అదీ డాక్టరేటు కోసం ఆమె రాసిన పుస్తకం సారాంశం. నలభై పైచిలుకు రేకులు, అన్నింటిలో అదే మాట. అంటించినవన్నీ నేనే. పుస్తకం ఇచ్చేయడానికి ఇంకో నెల ఉందనగా ఒక మధ్యాహ్నం సారు వచ్చారు. నేను మూలన కూర్చుని మైక్రోస్కోపు అద్దాలు తుడుస్తున్నాను. ఆ రేకులను కోయలేదని, నొక్కలేదని, రాయి నుంచి రాలినవి రాలినట్టే మిషనుకు పెట్టామని ఒక వాక్యం రాయమ్మా, లేకపోతే ఈ కలగాపులగం రాయిదా మీ చేతిదా అని పరీక్షించేవాళ్ళు అడుగుతారు, అన్నారు. ఎప్పుడో రాశాను సార్, మొదటి పేజీల్లోనే ఉంది, అందా అమ్మాయి. ఆమె చెప్పడం పూర్తయ్యేలోపు సారు ఎప్పటిలాగే వరండాలో ఉన్నారు.

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఆమె చేరిన మొదటి రోజే చెప్పింది, అన్నా, వీటిని తాకబాక, ఉన్నవి ఉన్నట్టే అంటించు అని. నేను సరేనన్నాను. అని, ప్రతి రేకుకూ పైపొర తీసేశాను, కిందిపొర తీసేశాను, నడిమిది తళతళలాడేది అంటించాను. ఒక్కదాన్నీ వదల్లేదు. పిల్ల కొత్తది, పెద్దవాణ్ణి శ్రమపెట్టడం ఎందుకని మొహమాటానికి అంటోందనుకున్నాను. మురికి రాయిని అందివ్వడానికి నా చెయ్యి ఒప్పుకోదు కదా. బొరుగుల రాయి మైకా అంత గట్టిది కూడా కాదు. కత్తి తగిలితే పొరలు జారతాయి. జారితే గుంట మీద గుంట ఉండదు. అంటే ఆమె మూడేళ్ళుగా కొలిచింది రాయినా, నా కత్తినా?

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజులూ నేను ఒక్క జోకు కూడా వేయలేదట. నా భార్య జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది. మూడో రోజు మిషను అక్క దగ్గరికి పోయి, చాలా తెలివిగా మొదలుపెట్టాను. అక్కా, ఒక మాట, ఒకవేళ ఒకడు ఉండాడనుకో, వాడు మంచి మనసుతోనే...

"ఆ ఒకడు నువ్వేలే. ఏం పగలగొట్టినావు?"

చెప్పాను. ఆమె ముందున్న రిజిస్టరు మూసి పక్కన పెట్టింది. తర్వాత, ఈ సంగతి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా, నేనైతే కాగితం మీద రాసి సారుకు పంపుతాను, అంది. మిషను అక్క కాగితం మీద రాస్తే అందులో నా మంచి మనసుకు చోటుండదని నాకు తెలుసు. లేచాను.

ఆ అమ్మాయి తన బల్ల దగ్గర బొమ్మలకు నంబర్లు వేసుకుంటోంది.

"పాపా, ఆ రాళ్ళను నేను ఉన్నవి ఉన్నట్టు పెట్టలా. పైనా కిందా తీసేసి నడిమిది పెట్టినా."

"ఎన్నింటికి?"

"అన్నింటికీ."

"నలభై ఒకటికీనా?"

"నలభై రెండు. ఒకటి ఎగిరిపోయినాది, నీకు చెప్పలా."

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఈ రెండింటికీ నేను సిద్ధపడి వెళ్ళాను. ఆమె మాత్రం పెన్ను మూత పెట్టి, మొదటి రోజే తాకబాక అన్నా గదన్నా, అని చాలా నెమ్మదిగా అంది. అలల మీదుగా వినిపించే గొంతు పక్క కుర్చీకి కూడా వినిపించనంత చిన్నదైపోయింది. దానికి నేను సిద్ధపడి వెళ్ళలేదు.

ఇద్దరం సారు గదికి పోయాం. ఆయన అంతా విని ఒక ప్రశ్న అడిగారు: ఇప్పుడేం చేద్దాం? అడిగి, మొదటిసారిగా, వెళ్ళిపోలేదు. కూర్చున్నారు. దారి ఒకటే ఉందని తేలింది. కత్తి తగలని రేకును మిషనెక్కించాలి. గీతలు అలాగే వస్తే కలగాపులగం రాయిదే, ఆమె పుస్తకం నిలుస్తుంది. గీతలు పోయి చుక్కలు వస్తే మూడేళ్ళ పుస్తకం నా కత్తి మీద రాసిన పురాణం అవుతుంది. అలా అయితే ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇంట్లో వాళ్ళు ఇంకో మూడేళ్ళు ఆగరని ఆమె ఎప్పుడో చెప్పింది.

మిషను అక్క ముందుజాగ్రత్తగా నా కత్తిని తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. నాచేత రిజిస్టరులో సంతకం కూడా పెట్టించింది: ఒక కత్తి, పాతది, పిడికి దారం చుట్టినది. రాయిని నీళ్ళలో నానబెట్టి, దానంతటదే రాలిన రేకులను వెంట్రుక కొనతో పట్టాలి. వెంట్రుక ఆ అమ్మాయి జడలోదే. నాది ఇస్తానన్నాను గానీ నా తల చూసి ఎవరూ ఒప్పుకోలేదు. మైక్రోస్కోపు కింద ఆ రేకు ఎంత అసహ్యంగా ఉందో చెప్పలేను. మూలలు చిరిగి, పైన తుప్పు మరక. నా కుడిచెయ్యి నన్ను అడగకుండా మూడుసార్లు జేబులోకి పోయి కత్తి కోసం వెతికింది. పళ్ళు బిగించి అంటించాను. అంత మురికి రాయిని పైకి పంపినందుకు మైకా షెడ్డులో పనిచేసిన పెద్దవాళ్ళందరికీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

పొద్దున పదింటికి మిషను మొదలైంది. ఒక్కో బొమ్మా మెల్లగా వస్తుంది. మేము నలుగురం ఆ చల్లటి గదిలో, పరీక్ష ఫలితాల బోర్డు ముందు నిలబడ్డ పిల్లల్లా నిలబడ్డాం. అందులో ముగ్గురికి అలాంటి బోర్డులు అలవాటే. నేను మాత్రం మొదటిసారి నిలబడుతున్నాను.

మొదటి వరస వచ్చింది, ముత్యాల్లాంటి చుక్కలు. అది ఎప్పుడూ అంతే. రెండో వరసలోనే ఉంది అంతా. తెర మీద అది కొంచెం కొంచెంగా కట్టుకుంటూ వచ్చింది. గీత. ఈనెపుల్ల లాంటి పాత గీతే. నేను అప్పటిదాకా బిగబట్టిన గాలి వదిలితే ముందున్న కాగితాలు కదిలాయి. మిషను అక్క నా భుజం మీద చెయ్యి వేసింది, ఇన్నేళ్ళలో ఆ ఒక్కసారే. ఆ అమ్మాయి మాత్రం కదల్లేదు. ముక్కు తెరకు తగిలేటంత దగ్గరికి వంగింది.

"అన్నా, గీతకి ముడులుండాయి."

నిజమే. నా రేకుల్లో గీత నున్నగా ఉండేది. ఇందులో వలతాడుకు ముడులు వేసినట్టు, గీత పొడవునా సమానమైన ఎడంలో చిన్న చిన్న బొడిపెలు. సారు తెర మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. మిషను అక్క ఆ తెర మీద ఈగను కూడా వాలనివ్వదు. ఆ రోజు వాలనిచ్చింది.

అర్థం ఏమిటంటే, రాయిలో పొరలు ఎలాబడితే అలా పేర్చుకోలేదు. నాలుగైదు పొరలు ఒక పద్ధతిగా కూర్చుంటాయి, తర్వాత దారి తప్పుతాయి, మళ్ళీ నాలుగైదు పద్ధతిగా కూర్చుంటాయి. ఇడ్లీ ప్లేట్లు సర్దేవాడికి మధ్యమధ్యలో ఫోను వస్తున్నట్టు. ఆ ఉన్న కాస్త పద్ధతినీ నా కత్తి మూడేళ్ళుగా చెరిపేస్తూ వచ్చింది. ఏ పద్ధతీ లేదని ఆమె రాసిన మాట అలాగే అచ్చయి ఉంటే, ఎక్కడో ఎవరో మురికి రాయిని మురికిగానే పెట్టి, ఈ పిల్ల చెప్పింది తప్పని ఒక్క రోజులో తేల్చేసేవాళ్ళు. ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది ఎవరూ చూడనిది.

తర్వాత పది నిమిషాలు ఎవరు ఏం చేశారో సరిగ్గా గుర్తులేదు. సారు నా వీపు మీద చరిస్తే నా చొక్కాకున్న రేడియేషను బ్యాడ్జీ ఊడి బల్ల కింద పడింది. ఆ అమ్మాయి ఏడుస్తూ నవ్విందో నవ్వుతూ ఏడ్చిందో, మొత్తానికి గొంతు మాత్రం తిరిగొచ్చింది, అది విని వరండా చివరి నుంచి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. మిషను అక్క నవ్వింది. నేను రిజిస్టరు అందించాను. దాంతోనే నా నెత్తి మీద ఒకటి వేసింది. సారు తానే స్వయంగా క్యాంటీనుకు పోయి వంటాయనకు ఈ శుభవార్త చెప్పబోతే, ఆయన ఇడ్లీ స్టాండును బియ్యం బస్తాల వెనకాల దాచేశాడు.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు సారు పిలిచి, నువ్వు చేసిన తప్పును మళ్ళీ చెయ్యగలవా, అన్నారు. ముందు రేకును ముట్టకుండా బొమ్మ తీయాలట. అదే రేకును నేను నా పద్ధతిలో చీల్చాలట. మళ్ళీ బొమ్మ తీయాలట. ముడులు పోతే కత్తి చేసే పని ఏమిటో కూడా రుజువవుతుంది. పన్నెండు రేకులకు, అచ్చం ఒకేలా చెయ్యాలి.

మిషను అక్క సంతకం తీసుకుని కత్తి తిరిగిచ్చింది. చెప్తే నమ్మరు, మొదటి రేకును నాశనం చేశాను. తెలియక చేసినప్పుడు నలభై రెండుసార్లు వెన్నలా సాగిన చెయ్యి, అందరూ చూస్తుంటే, తప్పని తెలిసి చెయ్యమంటే మొరాయించింది. ఆ అమ్మాయి అందరినీ బయటికి పంపేసింది. అన్నా, నేను మొదటి రోజు చెప్పినాను చూడు, తాకబాక అని, ఇప్పుడూ అట్టా చెప్పినాననుకో, అని తానూ బయటికి పోయి తలుపు వేసింది. అప్పుడు గానీ చెయ్యి కుదుటపడలేదు. మిగతావన్నీ బాగా వచ్చాయి. చీల్చిన ప్రతిదానిలోనూ ముడులు మాయం, గీత నున్నగా.

సారు ఎవరితో మాట్లాడారో, పుస్తకం ఇవ్వడానికి ఆరు నెలలు గడువు దొరికింది. మొదటి పేజీల్లో ఉన్న ఆ వాక్యాన్ని ఆమె కొట్టేసింది. దాని చోట నాలుగో అధ్యాయం వచ్చింది, కత్తితో చీల్చితే పొరల పేర్పు ఎలా చెదురుతుందో. ఆ అధ్యాయం మొత్తం నేనే. ఏడో తరగతి పూర్తి చెయ్యనివాణ్ణి నాలుగో అధ్యాయం ఎలా అయ్యానో లెక్కల అయ్యవారికి చెబుదామనుకున్నాను గానీ, ఆయన లెక్క అడుగుతారని ఊరుకున్నాను.

పిల్లలకు నీతి చెప్పమంటారా? చెప్పడానికి నాకేమీ లేదు. బయటపెట్టిన రోజు కంటే ఎవరికీ చెప్పకుండా గడిపిన ఆ రెండు రోజులే కష్టంగా గడిచాయి, అంతవరకు నాకు తెలుసు. పైగా ఎవరైనా తాకొద్దు అంటే అది మొహమాటం కాకపోవచ్చు.

ఆమె ఆఖరి పరీక్ష రోజున నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరసలో కూర్చున్నాను. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన చాలా ప్రశ్నలు అడిగారు. ఆ పిల్ల అన్నింటికీ వల విసిరినట్టు జవాబు చెప్పింది. నాలుగో అధ్యాయం దగ్గర ఆయన ఆగిపోయారు. ఆ బొమ్మలు ఇటు తిప్పి, అటు తిప్పి, ఇంత సమానంగా ఇంత సన్నగా చీల్చారు, ఇది ఏ మిషను, మేమూ తెప్పించుకుంటాం, అన్నారు.

"మిషను కాదు సార్. మా అన్న."

గదిలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆయన నన్ను ముందుకు రమ్మన్నారు. పోయి నిలబడ్డాను. ఎన్నేళ్ళ అనుభవం అని అడిగారు. షెడ్డుతో కలిపి నలభై ఏడు అన్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా పొరపాటు జరిగిందా అన్నారు. మా సారు నావైపు చూశారు. ఈసారి జవాబు వినేదాకా ఆయన కదిలేలా లేరు.

"ఒకే ఒకటి సార్. దానికే గదా ఈ పాపకు మీరు డాక్టరేటు ఇయ్యబోతుండారు."

ఆ పెద్దాయన నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేకపోయారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, జేబులోంచి పెన్ను తీసి, సంతకం ఎక్కడ పెట్టాలమ్మా అని ఆమెనే అడిగారు.